రెండో కాయితం

ఫైలు దొరకలేదు.

టీవీ మీద లేదు, బీరువాలో లేదు, పరుపు ఎత్తి చూసినా లేదు. దవాఖానకు తీసుకుపోవాల్సిన బట్టల సంచీ మాత్రం నిన్నటి నుంచీ గడప పక్కన బుద్ధిగా కూర్చుని ఉంది. రెండు చీరలు, తువ్వాల, దుప్పటి, ఆధార్ కార్డు అన్నీ అందులో ఉన్నాయి. రక్తపరీక్షలూ స్కానింగ్ రిపోర్టూ ఉన్న నీలం ఫైలు ఒక్కటే పొద్దున ఏడింటికీ ఎనిమిదింటికీ మధ్యలో మాయమైంది.

భాగ్యలక్ష్మి మంచం మీద కూర్చుని, కుడి పక్కటెముకల కింద చెయ్యి పెట్టుకుని, ఇల్లంతా తిరగేస్తున్న ఇద్దరు మగవాళ్లనూ చూస్తోంది. ఒకరు మొగుడు మల్లేశ్వర్. రెండోవాడు తమ్ముడు జగదీశ్. ఇద్దరూ వెతుకుతున్నారు గానీ ఇద్దరి కళ్లూ ఫైలు మీద లేవు, ఒకరి మీద ఒకరివి ఉన్నాయి.

"నేనొచ్చినప్పుడు టీవీ మీదనే ఉండె బావా," అన్నాడు జగదీశ్. "నా కండ్లతోని చూసిన."

"మరి నీ కండ్లనే అడుగు, ఏడికి పోయిందో."

"పదింటికి అడ్మిట్ గావాలె. డాక్టరమ్మ ఎదురుచూస్తుంటది."

"డాక్టరమ్మ మనిషి కోసం చూస్తుందో, ఇంకా దేనికోసం చూస్తుందో."

ఇంటి మీద నుంచి విమానం దిగుతోంది. ఎయిర్‌పోర్టు పక్కనున్న సాతంరాయిలో ఎంత పెద్ద కొట్లాటైనా విమానం పోయేదాకా ఆగాల్సిందే. ఇద్దరూ నోళ్లు మూసుకుని ఒకరినొకరు గుచ్చి గుచ్చి చూసుకున్నారు. చప్పుడు తగ్గగానే జగదీశ్ అందుకున్నాడు.

"ఆ మాటకు అర్థమేంది బావా?"

"నాకేం తెలుసు? కాటేదాన్ల మందుల దుకాణం లెక్క క్లినిక్ నడిపేటోనివి నువ్వు. శంషాబాద్ల గిన్ని దవాఖానలుండంగ, రింగు రోడ్డు పక్కదానికే తోల్కపోవాలని ఎందుకు పట్టుబట్టినవ్? పేషెంటును తెచ్చినోనికి వాళ్లు వాటా ఇస్తరని ఊరంత అనుకుంటున్నది."

జగదీశ్ ముఖం ఎర్రబడింది. అతను పెద్ద చదువు చదివిన డాక్టరు కాదు. కాటేదాన్ ఫ్యాక్టరీల్లో పనిచేసే వాళ్ల జ్వరాలకూ దెబ్బలకూ మందులిచ్చే ఆర్‌ఎంపీ. అయినా పుట్టింటి వైపు ఎవరికి తుమ్ము వచ్చినా అతని మాటే చివరి మాట. అందరికన్నా అక్కకు అతని మీద నమ్మకం ఎక్కువ.

"నా తోడబుట్టిన దాని కడుపు కోయిపిచ్చి నేను పైసలు తింటనా?" అన్నాడు గొంతు తగ్గించి. "అక్కా, విన్నవా?"

భాగ్యలక్ష్మి విన్నది. పోయిన వారం ఈ మాట వచ్చి ఉంటే మొగుణ్ణి నాలుగు దులిపేదే. ఇప్పుడు నోరు లేవలేదు. తనకే ఎక్కడో ఆ అనుమానం తగిలి ఉంది, అది తెలిసి ఆమెకు సిగ్గేసింది.

మల్లేశ్వర్ వంటింట్లోకి పోయి స్టీలు గ్లాసుతో వచ్చాడు. రెండేళ్లుగా రోజూ పొద్దున్నే తన చేత్తో కాచి ఇచ్చే కషాయం అది. గ్యాసుకు మంచిదని మొదలుపెట్టాడు. "మా ఆయన నాకంటే ముందు లేచి నాకు కషాయం కాస్తడు" అని ఆమె వాడకట్టులో ఎంతమందికి చెప్పుకుందో లెక్కలేదు. విన్నవాళ్లు ఇళ్లకు పోయి తమ మొగుళ్లను సాధించేవాళ్లు కూడా.

"ఇది తాగు ముందుగాల. ఫైలు సంగతి తర్వాత చూద్దం."

"పరీక్షలున్నయి, ఏం తాగొద్దన్నరు గద."

"ఒక్క గుక్క."

గ్లాసు ఆమె చేతిలో పెట్టాడు. భాగ్యలక్ష్మి తమ్ముడి వైపు చూసింది. ఎవరింట్లో మాత్ర కనబడినా పట్టుకుని వెనకా ముందూ చదివే మనిషి, తలనొప్పి మాత్రకు కూడా సవాలక్ష ప్రశ్నలేసే మనిషి, ఆ గ్లాసు వైపు ఒక్కసారి చూసి ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాడు. అదేమిటని అడగలేదు. తాగొద్దనీ అనలేదు.

ఆమె గ్లాసు పక్కన పెట్టేసింది.

లోపలి గదిలోంచి కూతురు సరిత జడ వేసుకుంటూ వచ్చింది. ఎయిర్‌పోర్టులో లగేజీ కౌంటర్ దగ్గర ఉద్యోగం, మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి పదిదాకా డ్యూటీ.

"రాత్రి బాపే గదా అన్ని కాయితాలు సదిరి అండ్ల పెట్టింది," అంది. "పాతయి ఏమున్నా తెమ్మన్నది డాక్టరమ్మ అని నేను చెప్తే, ట్రంకుపెట్టె తీసి మరీ పెట్టిండు."

"పెట్టిన," అన్నాడు మల్లేశ్వర్. "పెట్టి టీవీ మీద ఇడిసిన. అంతే నాకెరుక."

"అంటే నేను తీసిన్నా?" జగదీశ్ కారు తాళాలు చేతిలోకి తీసుకున్నాడు. "నా మీద గింత గూడ నమ్మకం లేనప్పుడు నేనెందుకు నడుమ? దవాఖానకు ఫోన్ చేసి రేపు పొద్దున వస్తమని చెప్త. అక్కా, ఆలోచించుకో. ఆగిన కొద్ది నీకే తిప్పలు."

అతని కారు మలుపు తిరిగిపోయింది.

ఆపరేషన్‌కు ఒప్పుకోవడానికి భాగ్యలక్ష్మికి అయిదు రోజులు పట్టింది. డాక్టరమ్మ మాట కటువుగా లేదు, బెదిరించినట్టూ లేదు. "మీ పిత్తాశయంలో రాళ్లున్నాయమ్మా. నాలుగుసార్లు నొప్పి వచ్చింది, సంచీ గోడ కూడా మందమైంది. ఈ రాళ్లు ఆకులకూ మందులకూ పడిపోయేవి కావు. సంచీ తీసేయించుకోవడం మంచిదని నా సలహా. ఆలోచించుకోవడానికి నాలుగు రోజులు తీసుకోండి. కానీ ఒక్క మాట గుర్తుంచుకోండి. నొప్పితో పాటు చలీ వణుకూ వచ్చాయంటే గంట కూడా ఆగకుండా వచ్చేయాలి" అంది. మొన్న రాత్రి నొప్పికి గోడ పట్టుకుని నిలబడ్డప్పుడు ఆమె సరేననుకుంది. అనుకున్న రెండో రోజుకే ఫైలు పోయింది.

"ఫైలు పోతే పోయిందమ్మా, స్కాన్ సెంటర్ల మల్లోటి ఇస్తరు," అంది సరిత. "స్కూటీ తీస్త, నడువు. డ్యూటీలోపు వస్తం."

*

శంషాబాద్ బస్టాండు దాటాక, బేకరీ పైన మొదటి అంతస్తులో ఉంది ఆ స్కాన్ సెంటర్. కౌంటర్ దగ్గర గుంటూరు వైపు అమ్మాయి ఒకతె కంప్యూటర్‌లో పేరు కొట్టింది.

"భాగ్యలక్ష్మి గారు, సాతంరాయి. రెండున్నాయండీ. ఏది కావాలి?"

"రెండు ఏడియి?" అంది భాగ్యలక్ష్మి. "మొన్న ఒక్కసారే తీసిండ్రు."

"పోయిన వారం ఒకటి. ఇంకోటి రెండేళ్ల కిందటిది. మార్చి పదో తారీఖు."

ఆ తారీఖు ఆమెకు మరిచిపోయేది కాదు. తమ్ముడు ఒడిబియ్యం పోయడానికి వచ్చిన రోజు. కొత్త చీర కట్టుకుని పీట మీద కూర్చుంటే, జగదీశూ వాడి భార్యా బియ్యం, పసుపు, ఎండుకొబ్బరి కుడుకలు ఒడి నిండా పోశారు. ఆ బరువుకు కొంగు లాగుతుంటే నవ్వుకుంది. మధ్యాహ్నం మటన్‌తో భోజనాలయ్యాయి. గంట కాకుండానే కడుపులో మొదలైన నొప్పి వీపులోకి, కుడి భుజంలోకి పాకింది. మల్లేశ్వర్ బండి మీద ఇక్కడికే తీసుకొచ్చాడు. స్కాన్ తీశాక ఆమె మెట్లు దిగి కింద బేకరీ బెంచీ మీద కూర్చుంది. రిపోర్టు కోసం అతను పైనే ఆగాడు. చాలాసేపటికి దిగొచ్చి, "గ్యాసంట" అన్నాడు. సోడా తాగించి ఇంటికి తీసుకుపోయాడు.

ఆ తెల్లారి నుంచే కషాయం.

"రెండూ ఇయ్యి అక్కా," అంది సరిత కౌంటర్ అమ్మాయితో.

కాగితాలు వేడివేడిగా బయటికొచ్చాయి. సరిత పాతదాన్ని చదివింది. ఒకసారి చదివి, మళ్లీ పైనుంచి చదివింది.

"ఏమున్నదే?"

"అప్పుడే ఉన్నయమ్మా. చిన్న చిన్నయి, మస్తుగ. గాల్‌బ్లాడర్ల రాళ్లు అనే రాసిండ్రు."

"గ్యాసన్నరు గద."

"గ్యాసని ఏడ లేదు."

కౌంటర్ అమ్మాయి సాయం చేస్తున్నాననుకుంది పాపం. "అప్పుడు కాపీ మల్లేశ్వర్ గారి చేతికిచ్చాం ఆంటీ. ఆయన అడిగితే ఈ నంబర్‌కు వాట్సాప్ కూడా చేశాం" అని స్క్రీన్ ఇటు తిప్పింది.

సరితకు ఆ నంబర్ చూసి చెప్పాల్సిన పని లేకపోయింది. అది ఎవరిదో ఆమె ముఖమే చెప్పింది.

"మామది," అంది చివరికి. "జగదీశ్ మామ నంబరు."

భాగ్యలక్ష్మి అక్కడున్న ప్లాస్టిక్ కుర్చీలో కూలబడింది. ఒక్కడైతే ఒక్కడి మీద కోపం తెచ్చుకోవచ్చు. ఇద్దరూ కలిసి రెండేళ్లు నవ్వుతూ తన ముందు తిరిగారు. ఆమె నొప్పికి మెలికలు తిరిగిన ప్రతిసారీ వాళ్లిద్దరికీ అది ఏ నొప్పో తెలుసు. ఆమెకే తెలియదు. కడుపు ఆమెది.

సరిత ఫోన్ తీసింది. "ఇప్పుడే అడుగుత ఇద్దర్ని."

"వద్దు బిడ్డా."

"ఏంది వద్దు? పొద్దున ఎంత నాటకం ఆడిండ్రు నీ ముందట..."

"నాకు తెల్సినట్టు వాళ్లకు తెల్వొద్దు. నువ్వు డ్యూటీకి పో. ఏమంటరో వాళ్ల నోటితోనే విననీ."

కాగితం నాలుగు మడతలు పెట్టి రవికెలో దోపుకుంది.

*

మధ్యాహ్నం ఇంటి వెనక మడిలో మల్లేశ్వర్ కొత్తిమీర కట్టలు కడుతున్నాడు. భాగ్యలక్ష్మి పోయి ఎదురుగా కూర్చుని తనూ ఒక పిడికెడు తీసుకుంది.

"దొరికిందా కాపీ?" అన్నాడు తల ఎత్తకుండా.

"దొరికింది. మొన్నటిది."

అతని భుజాలు కాస్త కిందికి దిగాయి. ఆమె చూసింది.

"నువ్వు కాసే కషాయంల ఏమేస్తవ్?"

"ధనియాలు, జీలకర్ర."

"ఇంకా?"

"ఇంకేముంటది?"

"గట్టు మీద తెల్లగ దూది లెక్క పూసే చెట్టు పీక్కొస్తవు గద పొద్దున్నే. కొండపిండి. మీ నాయినకు మూత్రంల రాయి వడ్డప్పుడు గదే కాసి తాపిచ్చిరి."

దారం చుడుతున్న అతని చెయ్యి ఆగింది. పైన విమానం వచ్చింది, పోయింది. అది పోయి, దాని చప్పుడూ పోయి, పక్క మడిలో మోటారు వినిపిస్తున్నా అతను ఇంకా విమానం పోనట్టే కూర్చున్నాడు.

"గ్యాసుకు గూడ మంచిదే అది," అన్నాడు.

ఆ అబద్ధం అంత మెత్తగా చెప్పాడు కాబట్టే ఆమెకు ఒళ్లు మండింది. రవికెలోని కాగితం తీసి అతని ముఖాన కొట్టాలనిపించింది. పళ్లు బిగబట్టింది.

"భాగ్యా, రేపు పోకు."

"ఎందుకు?"

"మా అక్క గూడ చిన్న ఆపరేషనే అనుకుంట పోయింది. నవ్వుకుంట పోయింది. కాయితం మీద సంతకం నేనే పెట్టిన."

పాతికేళ్ల కాపురంలో అతను ఆ మాట నోటితో అనడం ఇదే మొదలు. చనిపోయిన ఆడబిడ్డ ఫొటో కిందే ఇన్నాళ్లూ అన్నాలు తిన్నారు గానీ ఆ సంతకం ఊసు ఎత్తలేదు. భాగ్యలక్ష్మికి జాలేసింది. జాలి వేసినందుకు తన మీద తనకే చిరాకేసింది.

"ఫైలు నువ్వు తీసినవా?"

"నేను తియ్యలే. సరిత మీద ఒట్టు."

బిడ్డ మీద ఒట్టు వేసి అబద్ధమాడే మనిషి కాదు. నమ్మింది. నమ్మాక, పొద్దున కిటికీ వైపు తిరిగిన తమ్ముడి ముఖం గుర్తొచ్చింది.

*

సాయంత్రం దీపం పెట్టే వేళకు జగదీశ్ కారు వచ్చి ఆగింది. చంకలో నీలం ఫైలు.

"చూసినవా అక్కా, కార్ల సీటు కింద ఉన్నది. పొద్దున నీ సంచి సదురుడుల నా చేతికొచ్చింది గావచ్చు. ఉత్తగనే పరేషాన్ అయినం." నవ్వాడు. "బావా, తప్పు నాదే. ఇగ కోపం ఇడిసిపెట్టు."

మల్లేశ్వర్ కోపం విడిచిపెట్టలేదు, పెంచనూ లేదు. ఫైలు వైపే చూస్తున్నాడు.

జగదీశ్ దాన్ని తెచ్చి అక్క ఒడిలో పెట్టాడు. భాగ్యలక్ష్మి ఒక్కో కాగితం తిప్పింది. రక్తపరీక్ష. గుండె పరీక్ష. పోయిన వారం స్కాన్. దవాఖాన వాళ్లిచ్చిన ఫారం. అంతే.

"అన్ని ఉన్నయా తమ్మీ?"

"అన్ని ఉన్నయక్కా."

"ఒక్కటి గూడ పోలే?"

"ఏడికి పోతయి?"

మల్లేశ్వర్ తలెత్తి బావమరిదిని చూశాడు. ఏదో అనబోయి ఆగాడు. ఆ ఆగడం చూశాక ఆమెకు ఇంకేమీ అడగాల్సిన పని లేకపోయింది. రవికెలోంచి కాగితం తీసి, మడతలు విప్పి, ఫైలు మీద పరిచింది.

"ఇది తక్కువైంది."

జగదీశ్ తారీఖు చూశాడు. కూర్చున్నాడు.

"అది నేనే పెట్టిన అండ్ల, రాత్రి," అన్నాడు మల్లేశ్వర్ మెల్లగా. "ట్రంకుపెట్టె అడుగున రెండేండ్లు ఉంచిన. డాక్టరమ్మ చూసి ఆమెనే నీకు చెప్తదనుకున్న. నా నోటితోని చెప్పనీకి రాలే భాగ్యా."

"నువ్వు పెట్టినవ్. వీడు తీసిండు."

"అక్కా, జర నా మాట విను..."

"చెప్పు. వినేటందుకే కూసున్న."

"ఒడిల బియ్యం పోసి పూట గాలే. గప్పుడు నీకు కీడు మాట ఎట్ల చెప్పాలె? ఆ బియ్యం వండుకుని తినేదాక ఆడబిడ్డకు చెడు వార్త చెప్పొద్దని అమ్మ ఎప్పుడూ అంటుండె గద. అందుకే బావను ఆగమన్న."

"బియ్యం వారం దినాలకే వండుకున్నం. ఆ తర్వాత?"

"అప్పటికి నీకు నొప్పి తగ్గింది. కొండపిండి తాపియ్యి బావా, పడిపోతయని చెప్పిన. కాటేదాన్ల ఎంతమందికి పడిపోయినయి."

"వాళ్లకు మూత్రంల రాళ్లు."

"రాయి రాయే గద అనుకున్న," అన్నాడు జగదీశ్. "మొన్న రిపోర్టుల గోడ మందమైందని చదివినంక నాకు నిద్ర పట్టలే. అందుకే తొందర పెట్టిన. కమిషన్ కోసం గాదు. పొద్దున ఫైలు తిప్పితే పాత కాయితం కనవడ్డది. రెండేండ్ల కింద దీన్ని చూసినోడెవడు అని డాక్టరమ్మ అడిగితే, నీ ముందట నా బతుకేంగావాలె?"

అది నిజమే కావచ్చు. కమిషన్ మాట కూడా నిజమే కావచ్చు. పొద్దున అయితే ఆమె ఏదో ఒకటి నమ్మేది. ఇప్పుడు నమ్మడానికి లోపల చోటు దొరకలేదు.

"నేను రేపు పోత," అంది. "ఎవలు పొమ్మన్నా పోవద్దన్నా పోత. నా పేరు నేనే రాసుకుంట. కానీ ఒక్కటి చెప్పుండ్రి."

దవాఖాన ఫారం తీసి ఇద్దరి మధ్యా పెట్టింది. కింద ఒక గీత ఖాళీగా ఉంది. పేషెంటు తరఫు మనిషి పేరు.

"నాకు మత్తు ఇచ్చినంక లోపల ఏమన్న తేడా వస్తే, డాక్టరమ్మ బయటికొచ్చి ఈ పేరు పిలుస్తదంట. ఆ మనిషికి చెప్తదంట. మీ ఇద్దర్ల ఎవల పేరు రాయాలె? ఎవలికి చెప్తే నాకు తెలుస్తది?"

పెన్ను ఫారం మీద ఉంది. ఇద్దరిలో ఎవరూ చెయ్యి చాపలేదు.

సరిత పేరు రాద్దామనుకుంది. ఇప్పుడే ఫోన్ చేసి చెప్దామనుకుంది. కానీ డ్యూటీలో సరిత ఫోన్ లాకర్‌లో ఉంటుంది, పదిదాకా తీయదు. గోడ గడియారం ఏడు కూడా చూపించడం లేదు.

అప్పుడే పక్కటెముకల కింద మొదలైంది.

ముందు తెలిసిన నొప్పే అనుకుంది. వీపులోకి పోయింది, భుజం ఎక్కింది. అది ఎప్పుడూ పోయే దారే. ఆ వెంటనే మెడ మీద సన్నగా చలి మొదలైంది. వేసవి ఉక్కకు మగవాళ్లిద్దరి చొక్కాలూ చెమటకు తడిసి ఉన్నాయి. ఆమె చేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. పళ్లు ఒకదానికొకటి తగిలాయి.

చలీ వణుకూ వస్తే గంట కూడా ఆగొద్దన్న మాట చెవుల్లో వినిపించింది.

"ఏమైంది అక్కా?" జగదీశ్ లేచాడు.

"నొప్పా భాగ్యా?" మల్లేశ్వర్ కూడా లేచాడు.

ఇద్దరి ముఖాల్లోనూ నిజంగానే భయం ఉంది. రెండేళ్లుగా ఆమెకు చెప్పకుండా దాచుకున్న భయం అది. భాగ్యలక్ష్మి ఒకరి తర్వాత ఒకరిని, ఆ తర్వాత ఫారం మీది ఖాళీ గీతను నిదానంగా చూసింది. కొంగు భుజాల చుట్టూ లాక్కుని, వణుకుతున్న చేతులు దాని కింద దాచుకుంది.

"ఏం లేదు," అంది. "గ్యాస్."